తండ్రి ఏబీ, తల్లి ఓ, బిడ్డ ఓ: గ్రూపు చూసి తండ్రి కాదనొచ్చా?

మెండెల్‌బాట: ఏబీ తండ్రి బిడ్డకు ఏ గానీ బీ గానీ ఇవ్వాల్సిందే. ఇక ఓ ఎక్కడిది? పాఠ్యపుస్తకంలో ఉన్న లెక్కే ఇది.

సీరమ్‌ట్యూబు: మీ లెక్కలో జన్యువు ఒక్కటే ఉంది. ఏబీఓ 9వ క్రోమోజోము మీద ఉంటే, హెచ్ జన్యువు ఎఫ్‌యూటీ1 ఉన్నది 19వ దాని మీద. హెచ్ ఎంజైము ఎర్రకణం మీది చక్కెర గొలుసు చివర ఫ్యూకోజు అనే చక్కెర తగిలిస్తేనే ఏ, బీ ఎంజైములకు తమ చక్కెర పెట్టే చోటు దొరుకుతుంది. హెచ్ రెండు ప్రతులూ పాడైన బిడ్డకు ఆ పునాదే లేదు కాబట్టి గ్రూపు ఓ అనే పడుతుంది. 1952లో బొంబాయిలో భేండే బృందం ప్రకటించింది దీన్నే, అందుకే బాంబే గ్రూపు అంటారు. మీ జంట ఇద్దరిలోనూ పాడైన హెచ్ ఒక్కో ప్రతి ఉంటే, పుట్టే పిల్లల్లో ఏ, బీ, ఓగా కనిపించేవారి నిష్పత్తి 3:3:2.

పల్లవి: ఓ అంతర్గతం కదా, ఇదీ అంతే.

సీరమ్‌ట్యూబు: కాదండీ. బహిర్గతం, అంతర్గతం ఒకే జన్యువు రెండు రూపాల మధ్య మాట. ఇక్కడ వేరే క్రోమోజోము మీది జన్యువు అడ్డొస్తోంది.

మెండెల్‌బాట: అడ్డొచ్చింది అంటే ‘ఏ’ జన్యువు ఆగిపోయిందనా? సూటిగా చెప్పండి.

సీరమ్‌ట్యూబు: ఆగలేదు. బిడ్డకు ‘ఏ’ వచ్చి ఉంటే, ‘ఏ’ ఎంజైము ప్లాస్మాలో దొరుకుతుంది కూడా. ఆ బిడ్డ పెద్దయ్యాక ఆ ‘ఏ’ తన పిల్లల్లో మళ్లీ బయటపడొచ్చు.

మెండెల్‌బాట: దేనికైనా బాంబే గ్రూపే చూపిస్తారా? మన దేశంలో సుమారు పదివేలలో ఒకరి కోసం అనుమానం వచ్చిన మనిషి నోరు మూసుకోవాలా?

సీరమ్‌ట్యూబు: అదన్నమాట అసలు సంగతి. అడగొద్దని నేననలేదు. రక్తం గ్రూపు కార్డు చెప్పేది కణం పైన ఏముందో, లోపలి జన్యువు సంగతి కాదు. ఏ, బీ రెండూ ఒకే క్రోమోజోము మీద వచ్చే సిస్-ఏబీ తండ్రికీ ఓ గ్రూపు బిడ్డ పుట్టొచ్చు. కార్డు పట్టుకుని ఆడమనిషి మీద నింద వేయడం తప్పు. తండ్రెవరో తేల్చేది డీఎన్‌ఏలో మళ్లీమళ్లీ వచ్చే చిన్న ముక్కలను పోల్చే ఎస్‌టీఆర్ పరీక్ష.

మెండెల్‌బాట: నియమం నియమమే. పక్కన మినహాయింపు రాసుకోండి, చాలు.

రక్తనిధి_రాత్రి: వాదన సరే, ల్యాబులో జారిపోయేది ఎక్కడంటే రివర్స్‌లో, అంటే మనిషి సీరమ్‌ను తెలిసిన గ్రూపు కణాలతో కలిపి చూసే పరీక్షలో, ఏ, బీ కణాలు మాత్రమే పెట్టి ఓ కణాల ట్యూబు మానేసినప్పుడు. బాంబే సీరమ్‌లో హెచ్ మీది యాంటీబాడీ ఉంటుంది కాబట్టి అది ఓ కణాలనూ 37 డిగ్రీల దగ్గర గట్టిగా గుంపు కట్టిస్తుంది, సొంత కణాలను మాత్రం కట్టించదు. ఆ ట్యూబు లేకపోతే ఓ అని రాసేస్తారు, ఓ రక్తం ఎక్కిస్తే కణాలు పగిలిపోతాయి. వీళ్లకు బాంబే రక్తమే ఎక్కించాలి.

పల్లవి: నెలల బిడ్డకు రివర్స్ పనికిరాదుగా?

రక్తనిధి_రాత్రి: రాదు, సొంత యాంటీబాడీలు ఇంకా తయారుకావు. బిడ్డ కణాలకే యూలెక్స్ మొక్క గింజల లెక్టిన్ (హెచ్‌ను పట్టుకునే ప్రొటీన్) కలపండి. మామూలు ఓ కణాలు గుంపు కడతాయి, బాంబే కణాలు కట్టవు. పక్కనే మామూలు ఓ కణాలతో ఒక కంట్రోల్ ట్యూబు తప్పకుండా పెట్టండి.