నాయన పొగాకు కథ రాశాను, చదివినవాళ్లంతా వ్యాసంలా ఉందంటున్నారు. ఎక్కడ తప్పుతోంది?

ప్రశ్న (కందుకూరు దగ్గర పల్లె, ఇప్పుడు నెల్లూరు):
అందరికీ నమస్కారం. నేను నెల్లూరులో మందుల షాపులో పని చేస్తాను. రాత్రి షాపు మూశాక కొంచెం కొంచెంగా రాసుకుంటూ ఒక కథ పూర్తి చేశాను, చేతిరాతలో 14 పేజీలు వచ్చింది. నా చిన్నప్పుడు మా నాయన పొగాకు వేసి దెబ్బతిన్న ఏడాది గురించి. ఒక పత్రికకు పంపితే తిరిగొచ్చింది, కారణం చెప్పలేదు. చదివిన ఇద్దరు స్నేహితులు మాత్రం ఒకే మాటన్నారు, విషయం బాగుంది గానీ కథలా లేదు, పేపర్లో వచ్చే వ్యాసంలా ఉందని. అందులో రాసిందంతా నేను కళ్లారా చూసిందే, అయినా ఎందుకట్లా అనిపిస్తోందో అర్థం కావట్లేదు. మొదటి పేరా పెడుతున్నా:

"ప్రకాశం జిల్లా రైతుల ముఖ్యమైన వాణిజ్య పంట పొగాకు. నారు పోసింది మొదలు వేలం దాకా రైతు పడే కష్టాలు అన్నీ ఇన్నీ కావు. ఆకు కొట్టి, కర్రలకు కట్టి, బ్యారన్‌లో రాత్రింబగళ్లు మంట పెడితే గానీ ఆకు బంగారు రంగు తిరగదు. అలాంటి ఒక నిరుపేద రైతే వెంకయ్య."

(బ్యారన్ అంటే పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గది.) ఇంకో సందేహం. నేనంతా పుస్తక భాషలో రాశాను. మా యాసలో రాయకపోవడమే లోపమా?

జవాబు (కావలి):
యాసే అన్నా, వేరే ఏం లేదు. మొత్తం యాసలోకి మార్చి మళ్లీ పంపు, ఈసారి వేసుకుంటారు.

జవాబు (ఒంగోలు):
తమ్ముడూ, తొందరపడి యాసలోకి మార్చకు. "పొగాకు ముఖ్యమైన వాణిజ్య పంట" అన్న మాటని ఏ యాసలో చెప్పినా అది వ్యాసమే. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను, కథలు నేను రాసింది తక్కువ, పిల్లల చేత రాయించి దిద్దింది ఎక్కువ, కాబట్టి దిద్దే అలవాటు కొద్దీ అడుగుతున్నా. ఈ పేరా ఎవరు మాట్లాడుతున్నారు? వెంకయ్య కాదు, వెంకయ్య కొడుకూ కాదు. మైకు పట్టుకున్న మనిషెవరో మాట్లాడుతున్నాడు. వెంకయ్య నాలుగో వాక్యంలో వచ్చాడు, అదీ "అలాంటి ఒక" అని, లెక్కకు ఉదాహరణ ఇచ్చినట్టు. మీ నాయన్ని మీరు ఉదాహరణగా చూశారా ఎప్పుడైనా?

నిరుపేద అన్న మాట కూడా తీసెయ్. అరువు తెచ్చిన పురికొస దాచుకున్నాడని రాస్తే చదివేవాడే అనుకుంటాడు పేదవాడని.

మిగతా కథ పంపితే చదువుతాను.

జవాబు (ఒంగోలు, మర్నాడు):
చదివాను. తొమ్మిదో పేజీలో ఒక వాక్యముంది: "బేళ్లు నోబిడ్ కావడంతో వెంకయ్య ఎంతో బాధపడ్డాడు." అంటే వేలంలో ఆ పొగాకు కట్టల్ని ఎవరూ పాడుకోలేదు. ముందు ఎనిమిది పేజీలు నారుమడి, ఎరువులు, కూలి రేట్లు. ఆ తర్వాత అయిదు పేజీలు అప్పులు. కథంతా ఈ ఒక్క వాక్యంలో ఉంటే దాన్ని ఒక్క గీతతో దాటేశావు. బాధపడ్డాడని నువ్వు చెబితే నేను ఊఁ అంటాను, అంతే. బాధపడ్డ మనిషి ఏం చేశాడు? ఆ రోజు నువ్వు అక్కడుంటే నీకేం గుర్తుందో కథ సంగతి వదిలేసి ఇక్కడ రాయి, మంచి భాష అక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు:
ఉన్నాను టీచర్, ఏడో తరగతి. బేళ్లన్నీ వరసగా పెట్టి ఉన్నాయి. కొనేవాళ్లు నడుచుకుంటూ పోతుంటారు, ఒక్కో బేలు దగ్గర గుక్క తిప్పుకునేంత సేపు కూడా ఆగరు. మా మూడు బేళ్ల దగ్గర ఆగినట్టే ఆగి పోయారు. నాయన ఏం మాట్లాడలేదు. గోనెపట్టా మీద ఊడిన కుట్టు సరిచేశాడు, ఎవరూ కొనని బేలుకి కుట్టెందుకో. ఇంటికొచ్చేటప్పుడు దారిలో ట్రాక్టరు ఆపించి మిరపకాయ బజ్జీలు కొన్నాడు. మా నాయన బయట తిండి కొనగా నేను చూసింది అదొక్కసారే. ఇది కథలో రాయలేదు, సందర్భం కాదనిపించింది.

జవాబు (ఒంగోలు):
సందర్భం కాదా! కథే అది. కుట్టు, బజ్జీలు, ఈ రెండూ ఉంటే "ఎంతో బాధపడ్డాడు" అక్కర్లేదు. ఎందుకు కొన్నాడో మాత్రం రాయకు, నీకు తెలుసనుకున్నా రాయకు.

ఇంకొకటి అడగాలి. ఆకు ఎందుకు నోబిడ్ అయింది? కథలో "వాతావరణం అనుకూలించక" అని ఉంది. నమ్మశక్యంగా లేదు, పక్క చేలవాళ్లవి అమ్ముడుపోయాయని నువ్వే ఇంకో పేజీలో రాశావు.

ప్రశ్న అడిగినవారు:
ఇది రాయాలా వద్దా అని రెండ్రోజులు ఆలోచించాను. ఆ రాత్రి బ్యారన్ కాపలా నాది. మొదట్లో వేడి నిదానంగా ఎక్కించాలి, ఆకు రంగు తిరక్కముందే మంట ఎక్కువైతే ఆకుపచ్చగానే బిగుసుకుపోతుంది, ఇక దాన్ని ఎవరూ బాగు చెయ్యలేరు. వేడి నూరు డిగ్రీల ఫారన్‌హీట్ దాటనీయొద్దని చెప్పి నాయన పడుకున్నాడు. నేను కట్టెలు ఎక్కువేసి నిద్రపోయాను. లేచి చూస్తే థర్మామీటరు నూట ముప్పై దగ్గరుంది. మంట లాగేసి, తలుపు తీసి, వేడి తగ్గాక ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. ఎవరికీ చెప్పలేదు.

జవాబు (ఒంగోలు):
ఇప్పుడు నీ స్నేహితుల మాటకు జవాబు దొరికింది. నువ్వు దాక్కోవడానికి వ్యాసం రాశావు. అందులో జిల్లా అంతా ఉంది, నువ్వొక్కడివే లేవు. ఇది నీ మీద నింద కాదు, నా దగ్గర పిల్లలూ ఇంతే చేసేవాళ్లు, దొంగతనం గురించి రాయమంటే "దొంగతనం మహాపాపం" అని మొదలుపెట్టేవాళ్లు.

పని చెబుతా. ఏడో తరగతి పిల్లవాడు "నేను" అని చెప్పనీ. వాడికి వాణిజ్య పంట అన్న మాట రాదు, కాబట్టి సగం సమాచారం దానంతటదే రాలిపోతుంది. మిగిలేది వాడికి ఆ క్షణాన అవసరమైంది. బ్యారన్ ఎలా పని చేస్తుందో పాఠంలా చెప్పొద్దు, వాడు అద్దంలోంచి థర్మామీటరు చూసి భయపడితే వేడి ఎంతుండాలో చదివేవాడికి తెలిసిపోతుంది. మొదలు కూడా నారుమడి దగ్గర కాదు, మెలకువ వచ్చిన చోట. వాడు వెనక్కి తీసుకోలేని పని అయిపోయింది, ఇక వేలం దాకా మోస్తూనే ఉంటాడు.

జవాబు (నెల్లూరు):
యాస గురించి నేనొక మాట. ప్రకాశం యాస అని ఒకటే లేదబ్బయ్యా. ఆ జిల్లా 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల్లోంచి తలా కొంత తీసి చేసింది. కందుకూరు, కనిగిరి, పొదిలి మా నెల్లూరువి, అద్దంకి వైపు గుంటూరుది, మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. ఎక్కడి మాట అక్కడే మిగిలింది. మళ్లీ 2022లో కందుకూరుని నెల్లూరులో కలిపారు, దాంతో ఎవరి నోరూ మారలేదు. కాబట్టి "మన యాస" అని గంపగుత్తగా రాయొద్దు. మీ నాయన "పోతుండా" అంటాడు, వేలం దగ్గర గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి "ఎల్తన్నా" అనొచ్చు, ఆ తేడా వినిపిస్తే ఇద్దరు మనుషులు ఇద్దరుగా నిలబడతారు. కథ చెప్పే మాటలు మామూలు తెలుగులో ఉండనీ, నోటి మాటల్లో యాస పెట్టు. అదీ ప్రతి పదాన్నీ వంకర తిప్పి రాస్తే చదవలేక చస్తాం. క్రియ ఒక్కటి మీ నాయన అన్నట్టే ఉంటే చాలు. రాశాక మీ అమ్మకి చదివి వినిపించు, నవ్విందంటే ఎక్కడో అతిగా ఉన్నట్టే.

జవాబు (కావలి):
సరే, నేను తొందరపడ్డాను. కానీ "గమ్మునుండరా" లాంటి మాటలు పోగొట్టుకోవద్దు, అవి పుస్తక భాషలోకి మారిస్తే చచ్చిపోతాయి.

ప్రశ్న అడిగినవారు (పది రోజుల తర్వాత):
14 పేజీలు 6 అయ్యాయి. మొదలు ఇట్లా మార్చాను:

"పొయ్యిలో కట్టె కూలిన చప్పుడుకి లేచాను. నాకు చాలా భయం వేసింది. అద్దం మీద మసి తుడిచి చూస్తే ముల్లు నూట ముప్పై మీదుంది. నాయన మంచం మీద అటు తిరిగి పడుకొని ఉన్నాడు. కట్టె బయటికి లాగి ఇసక కప్పాను. 'ఏందిరా చప్పుడు' అన్నాడు నాయన, ఇటు తిరక్కుండానే. 'ఏం లేదు నాయనా, కట్టె సర్దుతుండా' అన్నాను."

జవాబు (ఒంగోలు):
రెండో వాక్యం కొట్టెయ్. మసి తుడవడంలోనే భయం ఉంది. ముల్లు అన్నావు, మీ బ్యారన్‌లో ఉన్నది గాజు గొట్టం థర్మామీటరైతే దానికి ముల్లుండదు, సరిచూసుకో, పొగాకు వేసినవాళ్లు అక్కడే పుస్తకం మూసేస్తారు. "ఇటు తిరక్కుండానే" బాగుంది, ముట్టుకోకు.

ప్రశ్న అడిగినవారు:
అవును, గాజుదే, పాదరసం అని రాస్తాను. చివర ఎక్కడ ఆపాలో తెలియట్లేదు. బజ్జీల తర్వాత అప్పుల సంగతి రెండు పేజీలుంది.

జవాబు (ఒంగోలు):
బజ్జీల పొట్లం నీ చేతికిచ్చిన చోట ఆపు. అప్పులు తీసెయ్.

ప్రశ్న అడిగినవారు:
మంట సంగతి నాయనకు ఆ రాత్రే తెలుసేమోనని రాస్తుంటే అనుమానం వచ్చింది. ఊళ్లోనే ఉన్నాడు, ఆదివారం పోతున్నా. అడగమంటారా?

జవాబు (ఒంగోలు):
కథ పంపేశాక అడుగు. ముందే అడిగితే ఆయన చెప్పిందే రాస్తావు.