వేడెక్కేటప్పుడు ఒక రెసిస్టివిటీ, చల్లారాక ఇంకొకటి: ఎందుకు?

నమస్కారం. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. పొరలుగా ఉండే కాల్షియం కోబాల్ట్ ఆక్సైడ్ బిళ్ళలకు 800 డిగ్రీల సెల్సియస్ దాకా సీబెక్ (ఉష్ణోగ్రత తేడా వల్ల పుట్టే వోల్టేజీ), రెసిస్టివిటీ (కరెంటుకు పదార్థం చూపే నిరోధకత) కొలుస్తున్నాను. సీబెక్ బాగానే ఉంది, గది ఉష్ణోగ్రతలో కెల్విన్‌కు 125 మైక్రోవోల్టులు. తంటా అంతా రెసిస్టివిటీతోనే. మొదట్లో 12 మిల్లీ ఓమ్ సెంటీమీటర్లు ఉన్నది, చల్లారేసరికి 19కి ఎక్కి కూర్చుంటోంది.

కొలిచేది హీలియంలో. అందుకే బిళ్ళలోంచి ఆక్సిజన్ పోతోందని నా అనుమానం. మా గైడ్ గారేమో బిళ్ళకు కాంటాక్ట్ కోసం పూసిన సిల్వర్ పేస్ట్ లేచిపోయిందంటారు. తీసి చూస్తే ఒక మూల నిజంగానే పెచ్చులా ఊడింది! కానీ నాలుగు ప్రోబుల పద్ధతిలో (కరెంటుకు రెండు, వోల్టేజీకి వేరే రెండు) కాంటాక్ట్ వల్ల ఇంత తేడా వస్తుందా?

గాలిలో అయితే ఈ ఆక్సైడ్ సుమారు 926 డిగ్రీల వరకు వేరే సమ్మేళనాలుగా విడిపోదు. హీలియంలో ఎంతవరకు వెళ్ళొచ్చు? ఇదే బిళ్ళను ఆక్సిజన్‌లో ఎనీల్ చేస్తే (కొంతసేపు వేడిలో ఉంచితే) పాత విలువ తిరిగొస్తుందా? మెషీన్ స్లాట్ వారానికి ఒక్కటే, కాస్త టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చేసి చూశారా?