పులిగుండె అనొచ్చా?

గాలికుంటు వ్యాధి మీద పశువైద్య విద్యార్థుల కోసం తెలుగులో నోట్స్ రాస్తున్నాను. పెద్ద పశువుల్లో చిక్కు లేదు. చొంగ, నాలుక మీద పొక్కులు, గిట్టల సందుల్లో పుండ్లు, కుంటు, అన్నీ కంటికి కనిపిస్తాయి. లేగదూడల్లో అలా కాదు. వైరస్ గుండె కండరాన్నే దెబ్బతీస్తుంది. నిన్న పాలు తాగిన దూడ ఒక్క పొక్కు కూడా లేవకుండానే ఇవాళ చనిపోవచ్చు. గుండెను కోస్తే ఎడమ జఠరిక (గుండె కింది గది) గోడలో, మధ్య గోడలో పసుపు, బూడిద రంగు చారలు కనిపిస్తాయి. చచ్చిపోయిన కండరం అది. ఇంగ్లిష్‌లో దీన్ని టైగర్ హార్ట్ అంటారు. 'పులిగుండె' అని రాద్దామంటే మన చెవికి అది ధైర్యవంతుడి గుండెలా వినిపిస్తోంది. ఇక్కడేమో కొట్టుకోలేక ఆగిపోయిన గుండె. ఏమనాలంటారు?

జవాబు: 'చారల గుండె' అనండి. పులిని చూసి పెట్టిన పేరైనా చెప్పదలచింది చారల గురించే కదా. పరీక్షలో పిల్లాడు ఆ మాట చదవగానే ఏం వెతకాలో తెలిసిపోతుంది.

జవాబు: రిండర్‌పెస్ట్ అనే పశువుల అంటువ్యాధిలో పెద్దపేగు చివర మడతల మీద వచ్చే ఎర్రటి గీతల్ని జీబ్రా చారలు అంటారు కదండీ. ఆ వ్యాధి 2011లో ప్రపంచం నుంచే పోయింది గానీ పాఠాల్లో ఇంకా ఉంది. రెండూ చారలే అయితే పిల్లలు తికమకపడరా?

జవాబు: పడరండీ. ఒకటి చారల గుండె, ఇంకొకటి చారల పేగు. అవయవం పేరు పక్కనే ఉంది. కబేళా తనిఖీ చేసినవాడిగా నా ఓటు 'చారల గుండె'కే. ఒక్క మాట మాత్రం నోట్స్‌లో తప్పకుండా రాయండి: ఆ చారలు చూసి గాలికుంటు అని తేల్చేయకూడదు. సెలీనియం, విటమిన్ ఇ తక్కువైన దూడల గుండెలోనూ పాలిపోయిన చారలు వస్తాయి. నాలుక, చిగుళ్లు, గిట్టలు చూడాలి. రూమెన్ (పశువు మొదటి పొట్ట) లోపలి మడతల మీద పుండ్లున్నాయేమో వెతకాలి. పొక్కు దొరికితే దాని పైపొర, దొరక్కపోతే గుండె ముక్క ల్యాబ్‌కు పంపాలి. ఎలైసా, పీసీఆర్ పరీక్షల్లో తేలాకే రోగం పేరు రాయాలి.

ఇంకోటి. కోసిన తర్వాత మాంసంలో ఆమ్లం పెరిగి పీహెచ్ 6 కంటే కిందికి దిగితే కండరంలోని వైరస్ నశిస్తుంది. శోషరస గ్రంథుల్లో, ఎముక మూలుగలో ఆ మార్పు రాదు కాబట్టి అక్కడ బతికే ఉంటుంది. అనుమానం వచ్చిన పశువు మాంసాన్ని, ఎముకల్ని అక్కడి నుంచి కదలనివ్వకూడదు.

నోట్స్ రాస్తున్నవారు: 'చారల గుండె' ఖాయం చేశానండీ. ఎముక మూలుగ సంగతి కూడా అదే పేజీలో పెడుతున్నాను.