స్కూల్ లైబ్రరీ చార్జి నాకిచ్చారు: ఉచితంగా ఏం నేర్చుకోవాలి, ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి?

తెలుగు టీచర్, జెడ్పీ హైస్కూల్ (జూలై 6)

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు స్కూల్ అసిస్టెంట్‌ని. పదిహేడేళ్ల సర్వీసు. ఇన్నాళ్లూ లైబ్రరీ చూసిన మాస్టారు జూన్‌లో బదిలీ అయ్యారు. "తెలుగు చెప్పేది మీరే కదా మేడమ్, పుస్తకాలు కూడా మీరే చూసుకోండి" అని హెచ్ఎం గారు తాళాల గుత్తి నా చేతిలో పెట్టారు.

లైబ్రరీ అంటే సైన్స్ ల్యాబ్ పక్కన ఓ చిన్న గది, రెండు ఇనప బీరువాలు, ఒక పొడుగాటి బల్ల. స్టాక్ రిజిస్టర్లో చివరి నంబరు 1,140. ఇద్దరు పదో తరగతి పిల్లల్ని పెట్టుకుని రెండు రోజులు లెక్కపెడితే చేతికొచ్చినవి 868. మిగతావి ఎవరింట్లో ఉన్నాయో, అసలున్నాయో లేదో తెలియదు.

పోయిన బుధవారం ఏడో తరగతి పిల్ల ఒకతి వచ్చి "టీచర్, దెయ్యం కథలున్న పుస్తకం ఉందా?" అంది. ఉంది. నేనే చదివాను. జానపద కథల సంపుటి, అందులో మధ్యలో ఎక్కడో పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతుకి దెయ్యం ఎదురయ్యే కథ. పేరు గుర్తు రాలేదు. లీజర్ పీరియడ్ మొత్తం రెండు అరలు కిందికి దింపి వెతికాను. ఆ పిల్ల నా పక్కనే నిలబడి ఒక్కో అట్టా తిప్పి చూస్తూనే ఉంది. గంట కొట్టేశారు. "పర్లేదు టీచర్" అని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆ 'పర్లేదు' నాకు ముల్లులా గుచ్చుకుంటోంది.

అప్పట్నించీ రోజూ రాత్రి ఫోన్లో వెతుకుతున్నాను. దీక్ష అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో టీచర్లకి పెట్టిన నిష్ఠ శిక్షణ ఇదివరకే పూర్తిచేశాను, అవి పాఠం చెప్పడానికి పనికొచ్చాయి, పుస్తకాలు సర్దుకోవడానికి కాదు. స్వయం అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల సైట్లో లైబ్రరీ సైన్స్ కోర్సులున్నాయి గానీ డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్లకి చెప్పినట్టున్నాయి. లైబ్రరీ పుస్తకాల లెక్కలు చూసే 'కోహా' అనే సాఫ్ట్‌వేర్ ఉచితం అన్నారు. వీడియో తెరిస్తే ముందు కంప్యూటర్లో విండోస్ బదులు లైనక్స్ వేసుకోమన్నాడు, అక్కడే ఆగిపోయాను. ఒక సంస్థవాళ్లు ఆరు వేలు కడితే నెలలో 'అంతర్జాతీయ సర్టిఫికెట్' ఇస్తామని ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు.

నా దగ్గరున్నవి: నా ఫోను, కంప్యూటర్ ల్యాబ్‌లో ఖాళీగా ఉంటే ఒక సిస్టమ్, వచ్చీ పోయే నెట్టు, రోజుకో లీజర్ పీరియడ్. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? ఏ కోర్సు చదవాలి? వాట్సాప్‌లో తిరిగే తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు పిల్లలకి ఇవ్వొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

శాఖా గ్రంథాలయం, గుంటూరు జిల్లా (జూలై 6)

మేడమ్, ముందు ఆ ఆరు వేలు మీ దగ్గరే ఉంచుకోండి.

నేను ఇరవై రెండేళ్లుగా గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. కోహా గురించి మీరు విన్నది నిజమే, చాలా మంచి సాఫ్ట్‌వేర్. 1999లో న్యూజిలాండ్‌లోని ఒక గ్రంథాలయం కోసం తయారైంది, ఆ పేరుకి అక్కడి మావోరీ భాషలో 'కానుక' అని అర్థం. కానీ ఉచితం అన్నది సాఫ్ట్‌వేర్‌కే. దాన్ని నడిపే సర్వరు, రోజూ బ్యాకప్ తీసే మనిషి, ఆగిపోతే బాగుచేసే మనిషి, ఇవేవీ దాంతోపాటు రావు. 868 పుస్తకాలకి, రోజుకో పీరియడ్‌కి అది వద్దు. మీకు కావలసింది గూగుల్ షీట్ ఒక్కటే. ఫోన్లో నెట్ లేనప్పుడు కూడా తెరుచుకునేలా ఆ ఫైలుకి ఆఫ్‌లైన్ పెట్టుకోండి. రేపు ఎప్పుడైనా కోహాకి వెళ్లాలనుకుంటే ఇదే షీట్‌ని దానికి తగ్గ రూపంలోకి మార్చి అందులోకి ఎక్కించుకోవచ్చు, కొట్టిన అక్షరం వృథా కాదు.

అయితే ఒక్క మాట, యూనికోడ్‌లోనే కొట్టండి, అంటే ఏ ఫోన్లో, ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతిలో. ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నాలుగు వేల పుస్తకాల వివరాలు 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టాను, మూడు నెలలు పట్టింది. అప్పట్లో డీటీపీ వాళ్లందరూ అదే వాడేవాళ్లు, నాకూ అదే తెలుసు. కంప్యూటర్ మార్చాక ఫైలు తెరిస్తే తెలుగు లేదు, ఇంగ్లీషు గుర్తుల గజిబిజి. ఫాంటు వేస్తే కంటికి తెలుగే కనబడింది, కానీ 'కథలు' అని వెతికితే ఒక్కటీ దొరకలేదు. కంప్యూటర్‌కి అది తెలుగని తెలియదు కదా. మొత్తం మళ్లీ కొట్టాను. మీకు ఆ బాధ లేదు, ఫోన్లో జీబోర్డుతో (గూగుల్ కీబోర్డు) కొట్టే తెలుగంతా యూనికోడే. మైకు గుర్తు నొక్కి పుస్తకం పేరు చదివితే అదే రాసుకుంటుంది. తప్పొస్తే ఒకటి రెండు అక్షరాలు దిద్దుకోవడమే.

గడులు ఇలా పెట్టుకోండి: అక్సెషన్ నంబరు (పుస్తకం లైబ్రరీకి వచ్చినప్పుడు వేసే వరస నంబరు), పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ, సంవత్సరం, పేజీలు, వెల, ఎలా వచ్చింది (కొన్నదా, ప్రభుత్వ సరఫరానా, విరాళమా), భాష, బీరువా, అర, విషయం, రిమార్కులు. అక్సెషన్ నంబరు స్టాక్ రిజిస్టర్లో ఏదుంటే అదే వేయండి. మధ్యలో ఖాళీలొచ్చాయని ఒకటి నుంచి కొత్త నంబర్లు ఇవ్వకండి, ఆడిట్‌లో రిజిస్టరూ షీటూ పొంతన కుదరక తల పట్టుకుంటారు.

ఇక మీ దెయ్యం కథ సంగతి. పుస్తకం పేరుతో వెతికితే అది ఎప్పటికీ దొరకదు, కథ లోపల ఉంది కాబట్టి. కథల సంపుటాలకి మాత్రం ఇంకో గడి పెట్టండి: 'లోపలి కథలు'. విషయసూచిక పేజీ ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, దాన్ని గూగుల్ డాక్స్‌తో తెరవండి. ఫొటో కింద అక్షరాలు టైపైపోయి వస్తాయి. అచ్చు శుభ్రంగా ఉంటే తెలుగు బాగానే చదువుతుంది, ఒత్తుల దగ్గర కాస్త తడబడుతుంది. దిద్ది ఆ గడిలో అతికించండి. కథ పేరులో 'దెయ్యం' లేకపోతే ఆ మాట మీరే చేర్చండి. పిల్లలు ఏ మాటతో అడుగుతారో ఆ మాట షీట్‌లో ఉండాలి.

డ్యూయీ నంబర్లు, అంటే విషయాన్ని బట్టి పుస్తకాలకి వేసే అంకెలు, మీకిప్పుడు అవసరం లేదు. తెలుగు సాహిత్యం 894.827 అని నాకు నిద్రలో లేపినా వస్తుంది, ఏడో తరగతి పిల్లకి దాంతో పనేముంది? కథలకి ఎర్ర స్టిక్కరు, సైన్సుకి పచ్చ, జీవితచరిత్రలకి నీలం, అంతే.

చదువు విషయానికొస్తే, ఇగ్నో వాళ్ల ఈ-జ్ఞానకోశ్ సైట్లో గ్రంథాలయ శాస్త్రం డిగ్రీ పాఠాలన్నీ యూనిట్ల వారీగా పీడీఎఫ్‌లు ఉచితంగా ఉన్నాయి. ఇంగ్లీషే గానీ కష్టమైన ఇంగ్లీషు కాదు. అన్నీ చదవొద్దు. వర్గీకరణ, కేటలాగు, స్టాక్ తనిఖీ, ఈ మూడూ చాలు. స్వయంలో పాఠాలు వినడం ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే ఫీజు. వినాలనిపిస్తే వినండి. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన రంగనాథన్ గారు 1931లో రాసిన అయిదు సూత్రాల్లో నాలుగోది 'పాఠకుడి సమయం ఆదా చెయ్యి'. మీ పక్కన నిలబడి అట్టలు తిప్పిన ఆ పిల్ల కోసం రాసినట్టే ఉంటుంది.

---

లెక్కల సారు, ఆదిలాబాద్ (జూలై 7)

పైన సారు చెప్పినట్టు షీట్ మంచిగ పనిచేస్తది మేడమ్, మా స్కూల్ల అదే నడుస్తుంది.

పిల్లలకు కొత్త పుస్తకాలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైటు చూడండి. తెలుగు కథలు బాగున్నయి, నాలుగు స్థాయిలుగా పెట్టిన్రు. ఒకటో స్థాయిల పేజీకి ఒకట్రెండు వాక్యాలే. మా ఆరో తరగతిల కూడబలుక్కుని చదివేటోళ్లకు ముందు అవే ఇస్త. డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీసుకోవచ్చు, పిల్లలతోని అనువాదం చేయించి అండ్లనే పెట్టొచ్చు, లైసెన్సు ఒప్పుకుంటది. కింద రాసినోళ్ల పేరు, బొమ్మలేసినోళ్ల పేరు తీసెయ్యకుండా ఉంచితే చాలు. నేను నెట్ ఉన్న కాడ ఇరవై కథలు దింపుకొని పెన్‌డ్రైవ్‌ల తీసుకపోత. నలుపు తెలుపుల ప్రింటు తీసి, మధ్యల రెండు పిన్నులు కొట్టి, తాడుకు వేలాడదీసిన. పిల్లలు బీరువా తాళం తీసేదాకా ఆగుతలేరు.

---

పిల్లల విభాగం, టెక్సస్ (జూలై 8)

టీచర్ గారూ, మాది ఒంగోలు. ఇక్కడ ఒక ఊరి పబ్లిక్ లైబ్రరీలో పిల్లల విభాగంలో పనిచేస్తున్నాను. నేనూ లైబ్రరీ సైన్స్ చదవకుండానే చేరాను. నాకు పని నేర్పింది లైబ్రరీ పనివాళ్లకి ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే వెబ్‌జంక్షన్. ఓసీఎల్‌సీ అనే లైబ్రరీల సంస్థ నడుపుతుంది. ఏ దేశంవాళ్లయినా ఉచితంగా ఖాతా తెరుచుకోవచ్చు, పూర్తిచేస్తే సర్టిఫికెట్ కూడా ఉచితమే. వెబినార్లు లైవ్‌లో చూడాలనుకోకండి, ఇక్కడ మధ్యాహ్నమంటే మీకు అర్ధరాత్రి. రికార్డింగులు అన్నీ ఉంటాయి. నేను బట్టలు మడతపెడుతూ చూసేదాన్ని.

ఇంకోటి, పాత పుస్తకాలు తీసేయడం. మా రాష్ట్ర లైబ్రరీ వాళ్లు 'క్రూ' అని ఒక కరదీపిక ఉచితంగా పెట్టారు. తప్పుడు సమాచారం ఉన్నవి, చిరిగి మాసినవి, కొత్త ముద్రణ వచ్చేసినవి, ఎవరికీ పనికిరానివి, ఇంకోచోట సులభంగా దొరికేవి తీసేయమంటుంది. అరలో నాలుగో వంతు ఖాళీ అయ్యాక మిగతావి పిల్లల కంటికి ఆనుతాయి. మీ రెండు బీరువాల్లోనూ అది చేసి చూడండి.

---

శాఖా గ్రంథాలయం, గుంటూరు జిల్లా (జూలై 8)

అమ్మా, మీరు చెప్పిన పద్ధతి మంచిదే, నేనూ ఒప్పుకుంటాను. కానీ టీచర్ గారూ, దయచేసి ఒక్క పుస్తకం కూడా అలా తీసి పారేయకండి. మన దగ్గర ఆ చిరిగిన పుస్తకం కూడా ప్రభుత్వ ఆస్తి, దానికి స్టాక్ రిజిస్టర్లో నంబరుంది. కండెమ్ చేయాలంటే, అంటే పనికిరానిదని రిజిస్టర్లోంచి తీసేయాలంటే, కమిటీ, తీర్మానం, హెచ్ఎం గారి సంతకం కావాలి. అది చేయకుండా పాత కాగితాల వాడికి వేస్తే వాటి ఖరీదు మీ మీద పడుతుంది. అలా కట్టినవాళ్లని చూశాను. వాటిని వేరే కట్టకట్టి, షీట్‌లో రిమార్కుల గడిలో 'చిరిగింది' అని రాసి, అటక మీద పెట్టండి. పిల్లల కంటికి ఆనడం అనే పని దాంతోనే జరిగిపోతుంది. ఆ కనబడని 272 కూడా అంతే. ఇప్పుడే 'పోయినవి' అనకండి. ఫలానా తేదీకి తనిఖీలో దొరకనివి అని జాబితా రాసి, మీరూ హెచ్ఎం గారూ సంతకాలు పెట్టి ఉంచండి. మీరు చార్జి తీసుకునేటప్పటికే లేవనడానికి మీ దగ్గరుండే ఆధారం అదొక్కటే.

పీడీఎఫ్‌ల సంగతి మర్చిపోయాను. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన తర్వాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు హక్కులుంటాయి. గురజాడ 1915లో పోయారు, వీరేశలింగం 1919లో. వారివి నిక్షేపంగా ప్రింటు తీసి పంచొచ్చు, తెలుగు వికీసోర్స్‌లో శుభ్రంగా దిద్దినవి దొరుకుతాయి. శ్రీశ్రీ 1983లో పోయారు, అంటే 2043 చివరిదాకా హక్కులున్నాయి. ఎవరో స్కాన్ చేసి గ్రూపులో పెట్టినంత మాత్రాన అది మనం పంచేదైపోదు. బడి పేరుమీద అసలే వద్దు.

---

తెలుగు టీచర్, జెడ్పీ హైస్కూల్ (ఆగస్టు 24)

అందరికీ చెప్పలేనంత కృతజ్ఞతలు. ఏం జరిగిందో చెప్పాలని వచ్చాను.

నిన్నటికి 614 ఎక్కించాం. ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలు, ఒకరు అట్ట చూసి గట్టిగా చదవడం, ఇంకొకరు ఫోన్ పట్టుకోవడం. మొదటి రోజు పీరియడ్‌లో 9 పుస్తకాలయ్యాయి, ఇప్పుడు 30 దాకా అవుతున్నాయి. ఒకే జనరల్ నాలెడ్జ్ పుస్తకం 38 కాపీలు బయటపడింది, ఒక్కటీ తెరిచిన దాఖలా లేదు. కనబడని 272లో 19 స్టాఫ్‌రూమ్ బల్ల సొరుగుల్లోనే దొరికాయి. మిగతా వాటికి జాబితా రాసి సంతకాలు పెట్టించాను.

ఈ-జ్ఞానకోశ్‌లో కేటలాగు యూనిట్లు రెండు చదివాను. రచయిత పేరు ఇంటిపేరుతో మొదలుపెట్టాలా వద్దా అన్న చోట చాలాసేపు ఆగాను. మన పుస్తకాల మీద ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఒకచోట పూర్తిగా, ఒకచోట అసలుండదు. చివరికి అట్ట మీద ఎలా ఉంటే అలాగే వేసి, పక్కన ఇంకో గడిలో పూర్తి పేరు రాస్తున్నాను. ఇది సరైనదేనా గుంటూరు సారూ?

విషయసూచికల ఫొటోలు 41 సంపుటాలకి తీశాం. ఆకుపచ్చ అట్ట అని నేను అనుకుంటున్న ఆ పుస్తకం నిజానికి గోధుమరంగుది, మొదటి బీరువా మూడో అరలో అట్లాసుల వెనక పడిపోయి ఉంది. సోమవారం ఆ పిల్లని క్లాసు నుంచి పిలిపించి ఫోను చేతికిచ్చాను. 'దెయ్యం' అని తనే కొట్టింది. పదకొండు వరసలు వచ్చాయి. "ఇన్నా!" అంది. ఆ గోధుమరంగుదీ ఇంకొకటీ తీసుకెళ్లింది. బుధవారం తిరిగిచ్చేస్తూ "దెయ్యాలవి అయిపోయాక మాంత్రికుడివి ఉన్నాయా?" అని అడిగింది. ఆ మాట విషయం గడిలో లేదు, సాయంత్రం కూర్చుని చేర్చాను.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో ఇష్యూ రిజిస్టర్లో రాస్తున్నాం, షీట్‌లో మాత్రం పుస్తకం బీరువాలో ఉన్నట్టే చూపిస్తోంది. గూగుల్ ఫారం పెట్టి దాన్ని ఈ షీట్‌కి కలపొచ్చని లెక్కల మాస్టారు ఒకాయన అన్నారు. ఆదిలాబాద్ సారూ, మీ స్కూల్లో ఇది ఎలా చేస్తున్నారు? మీ షీట్ గడులు ఒక ఫొటో తీసి పెడతారా?