పాలేరును ఓడెక్కించింది ఎవరు?

నాగేటిచాలు:
‘ప్రెటీ ప్లౌబాయ్’ అనే ఇంగ్లండ్ జానపద కథాగేయం చదివాను. ఇంగ్లీషు జానపద గేయాల జాబితా అయిన రౌడ్ సూచికలో దాని సంఖ్య 186. గుర్రాలు కట్టిన నాగలి వెనక పాడుకుంటూ నడిచే పాలేరును కలిగినవారి అమ్మాయి ప్రేమిస్తుంది. సంగతి తెలిసిన తల్లిదండ్రులు, నౌకాదళానికి మనుషులను బలవంతంగా పట్టుకుపోయే ముఠాను పిలిపించి అతన్ని యుద్ధానికి పంపేస్తారు. ఆ పిల్ల జేబుల నిండా బంగారం పోసుకుని వెళ్లి విడిపించుకుంటుంది. పొలంలో ఉన్నవాణ్ణి అలా పట్టుకుపోవడం నిజంగా జరిగేదా?

తెరచాప:
కల్పన. చట్టం ప్రకారం ఆ ముఠాలు పట్టుకోవలసింది సముద్రం మీద పనిచేసినవారిని. అందుకే రేవుల్లో కాపు కాసేవారు, తీరానికి చేరుతున్న వర్తక ఓడల మీద పడేవారు. తాడు ముడి వేయడం రాని పాలేరు వాళ్లకెందుకు?

పాతదస్తావేజు:
చట్టంలో రాసిందే ఊళ్లో జరిగిందనుకుంటే ఎలాగండీ? 1795లో నౌకాదళానికి ఏ కౌంటీ ఎంతమందిని ఇవ్వాలో పార్లమెంటే లెక్క కట్టింది. యార్క్‌షైర్ వంతు 1,081 మంది, రట్లాండ్ వంతు 23 మంది. రట్లాండ్‌కు సముద్రమే లేదు! ఆ 23 మంది పొలాల నుంచి కాకపోతే మబ్బుల్లోంచి ఊడిపడ్డారా? లెక్క నింపడానికి చిల్లర నేరస్తులను కూడా ఓడలకు అప్పగించారు. ఆ తీర్పు చెప్పే మేజిస్ట్రేటు చాలాచోట్ల భూస్వామే. కిట్టని పాలేరును వదిలించుకోవాలనుకున్న ఆసామికి ముఠా దాకా పోవలసిన పనేముంది?

తెరచాప:
వంతుల లెక్క వేరు, ముఠా వేరు. వంతు కింద చేరినవారి చేతిలో డబ్బు పెట్టారు. పాటలోని కుర్రవాణ్ణి లాక్కుపోయారు. రెంటినీ ఒకే గాటన కట్టకండి.

ఏరువాక:
ముందుగా, ‘పాలేరు’ మాట భలే కుదిరింది. అక్కడా ఏడాది ఒప్పందం మీద రైతు ఇంట్లోనే ఉండి పనిచేసేవారు. ఇక బలవంతం ఎందుకంటారా, జీతం చూడండి. ఆరితేరిన నావికుడికి 1653లో నెలకు 24 షిల్లింగులు, 1797లో స్పిట్‌హెడ్ అనే నౌకాదళ లంగరు స్థలంలో నావికులు తిరగబడేదాకా అంతే! యుద్ధకాలంలో వర్తక ఓడలు అంతకంటే ఎంతో ఎక్కువ ఇచ్చేవి. తెలిసి తెలిసి ఎవరు చేరతారు?

బంగారం సంగతి కూడా గాలికబురు కాదు. బదులు మనిషిని చూపిస్తే పట్టుబడ్డవాణ్ణి వదిలిన సందర్భాలున్నాయి. ఆ బదులు మనిషిని డబ్బిచ్చే తెచ్చుకోవాలి. అలా చూస్తే ఆమె గినీలు, అంటే ఆ బంగారు నాణేలు, మరో పేదవాణ్ణి ఓడెక్కించి ఉంటాయి. వాడి మీద ఎవరూ పాట కట్టలేదు.

తెరచాప:
ఊహ బాగుంది. అయితే నేను విన్న పాట రూపంలో ఆమె నాణేలు లెక్కించి ఇచ్చేది ఓడవాళ్లకే. బదులు మనిషి ఊసే లేదు.