డాబా మీద గుమ్మటం కట్టించాం, లోపల మాట అర్థం కావట్లేదు

మధురవాడ గుమ్మటం:
మా డాబా మీద మావయ్యగారు ధ్యానానికని గుండ్రటి గది కట్టించారు. గోడలు వేరు, పైకప్పు వేరు అని లేదు. నేల నుంచే మొదలైపోయిన సగం బంతి, లోపలి అడ్డం 6 మీటర్లు. చువ్వలు, కోడి మెష్ అల్లి రెండువైపులా సిమెంటు మెత్తారు. లోపల పుట్టీ, తెల్ల రంగు. కింద గ్రానైటు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

మొన్న ఎనిమిదిమంది కూర్చుని విష్ణు సహస్రనామం మొదలెడితే రెండో శ్లోకానికే అంతా కలగాపులగం. ఒక నామం తోక ఇంకో నామం మీద పడిపోతోంది. నడిమధ్యన కూర్చున్న మావయ్యగారికి మాత్రం భలే ఆనందం. "నా ఓంకారం పైనుంచి నాకే తిరిగొస్తోంది" అంటారు. రెండడుగులు పక్కకి జరిగితే అదీ లేదు.

ఇంకో వింత. అత్తయ్య గుమ్మం దగ్గర గోడవైపు తిరిగి వాళ్ళ చెల్లెలి చెవిలో, "ఈ పిల్ల పులిహోరలో ఇంగువెయ్యదు కదే" అన్నారు. అటు చివర గోడ పక్కన ఫోన్ ఛార్జింగ్ పెడుతున్న నాకు స్పష్టంగా వినబడింది. మధ్యలో ఉన్నవాళ్ళకి ఒక్క ముక్క వినబడలేదు. (ఇంగువ వేశాను.)

తివాచీ పరిస్తే చాలంటాడు మేస్త్రి. గుడ్ల అట్టలు అంటించమంటాడు మరిది. ఇంత ఖర్చు పెట్టాక మళ్ళీ టెన్షన్. ఏం చెయ్యమంటారు?

పెదవాల్తేరు మాస్టారు:
అమ్మా, మీరు చెప్పినవి రెండు వేరువేరు సంగతులు. గోడ పక్కన గుసగుస గదికి అడ్డంగా రాలేదు. వంపు వెంట చిన్నచిన్న గెంతులు వేస్తూ, గోడని అంటిపెట్టుకుని వచ్చింది. లండన్ సెయింట్ పాల్స్ చర్చి గుమ్మటంలో జరిగేదాన్ని బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ ఇలాగే వివరించారు. తర్వాత మన సి.వి. రామన్ బీజాపూర్ గోల్ గుంబజ్‌లో, పట్నాలో గోల్‌ఘర్ అనే గుండ్రటి ధాన్యపు కొట్టులో ఇదే పరీక్షించారు. ఆయన చిన్నప్పుడు చదువుకున్నది మన విశాఖలోనే. తండ్రిగారు ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్. ఈ ఊరివాళ్ళం గుసగుసల గురించి ఆ మాత్రం తెలుసుకోవాలి.

మావయ్యగారిది ఇంకో సంగతి. మీ గోళానికి కేంద్రం సరిగ్గా నేల మధ్యలో ఉంది. ఆయన నోరు దానికి ముప్పావు మీటరు పైన. పైకెళ్ళిన శబ్దం తిరిగొచ్చి కేంద్రానికి కింద ఎక్కడో కలవాలి. గ్రానైటు అద్దంలా దాన్ని మళ్ళీ పైకి, ఆయన వైపే పంపుతోంది. ఒక పరీక్ష చెయ్యండి. ఆయన అరమీటరు ఎడమకి జరిగి మాట్లాడితే, మధ్యకి అరమీటరు కుడిపక్కన కూర్చున్నవాళ్ళకి బాగా వినబడాలి.

గోల్ గుంబజ్‌లో చప్పట్లు విడివిడిగా పది సార్ల దాకా వినబడతాయి. అక్కడ లోపలి అడ్డం సుమారు 38 మీటర్లు. శబ్దం వెళ్ళి రావడానికి 0.22 సెకను పడుతుంది. మీ గదిలో 0.04 సెకను కూడా పట్టదు, అందుకే విడిగా కాక మాటతో కలిసిపోయి వినబడుతోంది.

గాజువాక సౌండ్:
మాస్టారు ఎందుకో చెప్పారు, ఏం చెయ్యాలో నేను చెప్తాను. గుడ్ల అట్టలకి ఖర్చు పెట్టకండి. పలచటి అట్ట శబ్దాన్ని పెద్దగా తాగదు, పైగా నిప్పంటుకుంటే ప్రమాదం. తివాచీ కొంత పనిచేస్తుంది గానీ, గోడ వెంట పాకే శబ్దం నేలని ముట్టుకోనే ముట్టుకోదు.

మీ గది సుమారు 56 ఘనపు మీటర్లు. ఖాళీగా ఉంటే శబ్దం చచ్చిపోడానికి లెక్క ప్రకారం 5 సెకన్లు పడుతుంది. గుమ్మటం లోపల మూడో వంతు, అంటే 18 చదరపు మీటర్లు, 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (రాతి నార) పలకలు వేస్తే ఒక సెకను లోపుకి వస్తుంది. వెనక 50 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి పైన నూలు గుడ్డ కట్టండి. బట్ట నేరుగా సిమెంటుకి అంటిస్తే దండగ. అన్నీ ఒకేచోట వెయ్యొద్దు, కూర్చున్నవాళ్ళ చెవి ఎత్తులో చుట్టూ కొన్ని, పైన అక్కడక్కడా కొన్ని. మనది సముద్రపు గాలి కాబట్టి ఇనప మేకులొద్దు, స్టీలువి కొనండి.

లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలు 1871లో తెరిచారు. గుమ్మటం ప్రతిధ్వనితో దశాబ్దాలు అవస్థపడి, చివరికి 1969లో పైనుంచి పుట్టగొడుగుల్లాంటి ఫైబర్‌గ్లాస్ పళ్ళేలు వేలాడదీశారు. మీరు ముందే మేలుకున్నారు.

ఎంవీపీ తాతయ్య:
బోస్టన్‌లో మాపేరియం అని 1935 నాటి గాజు గోళం ఉంది, 30 అడుగులు. మధ్యలో వంతెన మీద నిలబడతాం. ఈ చివర నేను గొణిగితే ఆ చివర మా ఆవిడ జవాబు చెప్పింది. ఇంట్లో పిలిస్తే పలకదు.

మధురవాడ గుమ్మటం:
పరీక్ష చేశాం, మాస్టారు చెప్పినట్టే కుడిపక్కన నా చెవిలో పడింది! నిన్న తాడు కట్టి గోడ చుట్టూ ఆరు బొంతలు వేలాడదీశాం. సహస్రనామం పదం పదం తెలుస్తోంది, గుసగుస దాదాపు పోయింది. పలకలు వేయించేద్దామనుకున్నాం. మావయ్యగారిదే ఒక షరతు: నడినెత్తిన ఏమీ అంటించొద్దట, ఓంకారం తిరిగి రావాలట.

పెదవాల్తేరు మాస్టారు:
పైన రెండు మీటర్ల వెడల్పున వదిలెయ్యండి, నష్టం లేదు. ఆయన కూర్చునే చోట తివాచీ మాత్రం పరవకండి, పీట వెయ్యండి.