ఆవుపాల తెల్ల చీజ్: ఉప్పునీళ్లలో పైపొర జారిపోతోంది, ఎగుమతి డబ్బా మీద ఫెటా అని రాయొచ్చా?

పాలకుండ:
డెన్మార్క్‌లో చిన్న డెయిరీ, 300 లీటర్ల వ్యాట్ (పాలు గడ్డకట్టించే తొట్టి). ఆవుపాలతో ఉప్పునీళ్లలో నిల్వ చేసే తెల్ల చీజ్ తీస్తున్నాం. పాలు 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు పాశ్చరైజ్ చేసి, 33కి దించి, మీసోఫిలిక్ కల్చర్ (గోరువెచ్చటి పాలను పులియబెట్టే బ్యాక్టీరియా), రెన్నెట్ (పాలను గడ్డకట్టించే ఎంజైము) వేస్తాం. అచ్చుల్లోంచి తీసినప్పుడు ముక్క గట్టిగానే ఉంటుంది. 8 శాతం ఉప్పునీళ్లలో వేసిన నాలుగో రోజుకల్లా పైన మిల్లీమీటరు మందాన మెత్తబడి, వేలితో రుద్దితే వెన్నలా ఊడొస్తోంది. లోపల బాగానే ఉంటోంది. ఉప్పు 10 శాతానికి పెంచాం, పెద్దగా తేడా లేదు. పోయిన బ్యాచ్‌లో మూడు డబ్బాల మూతలు కూడా ఉబ్బాయి.

రెండోది లేబుల్. యూరప్ బయట కొనేవారు ఫెటా (గ్రీస్ తెల్ల చీజ్ పేరు) అని ముద్రించమంటున్నారు, తమ దేశంలో ఆ పేరుకు రక్షణేమీ లేదంటున్నారు. ఇక్కడ అమ్మే డబ్బా మీద రాయకూడదని తెలుసు. ఎగుమతి డబ్బా మీద రాయొచ్చా? కనీసం "ఫెటా తరహా" అనొచ్చా?

వ్యాట్‌పక్కన:
ముందు ఉప్పు పెంచడం ఆపండి. తక్కువైంది కాల్షియం. గడ్డలో పాల ప్రోటీన్ కేసీన్‌ను పట్టి ఉంచేది అదే. కొత్తగా కలిపిన ఉప్పునీళ్లలో కాల్షియం దాదాపు ఉండదు కాబట్టి ముక్క పైపొరలోంచి నీళ్లలోకి దిగిపోతుంది, దాని చోట సోడియం చేరుతుంది. అలా పట్టు సడలిన కేసీన్ నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. ముక్కను అడ్డంగా కోసి వెలుతురులో చూడండి: లోపల సుద్దలా తెల్లగా, అంచున సన్నటి గీతలా కాస్త అద్దంలా కనిపిస్తే అదే. పైగా మామూలు నీళ్ల పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 7 దగ్గర ఉంటుంది, ముక్క పైనున్న పులుపును కూడా అది విరిచేస్తుంది.

కిలో ఉప్పునీళ్లకు కొలత: నీళ్లు 920 గ్రాములు, ఉప్పు 80 గ్రాములు, పొడి కాల్షియం క్లోరైడ్ 2 గ్రాములు. 33 శాతం ద్రావణం వాడితే 5 మిల్లీలీటర్లు. నీళ్లు, ఉప్పు మరిగించి చల్లార్చాక కాల్షియం కలిపి, ఆఖర్న లాక్టిక్ యాసిడ్ చుక్కచుక్కగా వేస్తూ ముక్క పీహెచ్ ఎంతుందో అంతకు తీసుకురండి, మామూలుగా అది 4.6 దగ్గర ఉంటుంది. మీటర్‌ను ఆ రోజే 4, 7 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) సరిచూసుకోండి. ఉప్పునీళ్లు, ముక్క రెండూ ఒకే చల్లదనంలో ఉన్నప్పుడే ముంచండి.

ఇంకో దారి ఉంది, నాకు ఇదే ఇష్టం. అచ్చుల్లోంచి కారిన పుల్లటి తేటను కాచి, వడకట్టి, అందులోనే ఉప్పు కలపండి. కాల్షియం, పులుపు రెండూ అందులోనే ఉంటాయి. కాకపోతే కాచినప్పుడు విరిగే ప్రోటీన్‌ను బాగా వడకట్టకపోతే డబ్బా అడుగున మడ్డి చేరుతుంది.

పాలలో కాల్షియం క్లోరైడ్ వేస్తున్నారా? పాశ్చరైజ్ చేసిన పాలకు 100 లీటర్లకు 10 నుంచి 20 గ్రాములు, రెన్నెట్‌కు ముందు. అలాగే ఉప్పునీళ్లలోకి వెళ్లే రోజు ముక్క పీహెచ్ ఎంతో చెప్పండి. డబ్బాలు ఉబ్బడానికి కారణం అక్కడే ఉందని అనుమానం.

పాలకుండ:
పాలలో వేస్తున్నాం, 100 లీటర్లకు 15 గ్రాములు. అచ్చుల్లో రాత్రంతా ఉంచి, పొద్దున చూస్తే 5.1 ఉంటోంది. ఆ గది 12 డిగ్రీలు.

తేటనీళ్లు:
అయితే కారణం దొరికినట్టే. 12 డిగ్రీల్లో కల్చర్ చాలా నెమ్మదిస్తుంది. 5.1 దగ్గర ఉప్పునీళ్లలో ముంచితే ఉప్పు దెబ్బకు అది దాదాపు ఆగిపోతుంది, లాక్టోజ్ మిగిలిపోతుంది. ఆ చక్కెరను తర్వాత డబ్బాలో ఈస్ట్‌లు లేదా గ్యాస్ పుట్టించే లాక్టోబాసిల్లై బ్యాక్టీరియా తింటాయి, మూత లేస్తుంది. గదిని 16–18 డిగ్రీలకు తెచ్చి 18–20 గంటలు కారనివ్వండి, మొదటి రెండు గంటల్లో అచ్చును రెండుసార్లు తిప్పండి. 4.8 కిందికి దిగేదాకా ఉప్పునీళ్లలో వేయొద్దు. వేశాక కూడా వెంటనే ఫ్రిజ్‌లో పెట్టకుండా అదే గదిలో పది పదిహేను రోజులుంచి, 4.6కి దిగాక మూత బిగించి 4 డిగ్రీలకు మార్చండి.

గ్యాస్ ఎక్కడ పుట్టిందో ముక్కే చెబుతుంది. అచ్చులో ఉండగానే స్పాంజిలా చిన్న చిన్న గుండ్రటి రంధ్రాలు పడితే కోలీఫారమ్ బ్యాక్టీరియా. అది శుభ్రత సమస్య, పాశ్చరైజర్ తర్వాతి పైపులు, వాల్వులు విప్పి చూడాలి. ముక్క నున్నగా ఉండి, డబ్బాలో నీళ్లు మసకబారి పులిసిన పిండి వాసన వస్తే ఈస్ట్. ఉబ్బినవి ఏవైనా సరే అమ్మకానికి పనికిరావు, పక్కన పెట్టి పరీక్షకు పంపండి.

ఉప్పు శాతం సంగతి కూడా. డబ్బాలో పోసిన 8 శాతం అలాగే ఉండదు. 10 కిలోల చీజ్‌లో 55 శాతం తేమ, పైన చల్లిన ఉప్పుతో 1.5 శాతం ఉప్పు ఉన్నాయనుకోండి. దానికి 5 కిలోల 8 శాతం ఉప్పునీళ్లు పోస్తే మొత్తం ఉప్పు 0.55 కిలో, మొత్తం నీళ్లు 10.1 కిలోలు. కొన్ని వారాలకు రెండూ సర్దుకుని ఉప్పునీళ్లు 5.2 శాతానికి దిగుతాయి, చీజ్‌లో ఉప్పు సుమారు 3 శాతానికి చేరుతుంది. మీరు కోరే రుచి నుంచి వెనక్కి లెక్క కట్టుకోండి. ముక్కలు పూర్తిగా మునగాలి, పైకి తేలిన మూల మీదే తెల్లటి పొర కడుతుంది.

లిస్టీరియాను (జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) ఉప్పు చంపేస్తుందనుకోవద్దు, ఉప్పునీళ్లలో అది బతికే ఉంటుంది. పీహెచ్ 5.0, నీటి చర్య (సూక్ష్మజీవులకు అందే నీటి కొలత) 0.94, ఈ రెండు హద్దులూ దాటకపోతే లిస్టీరియా పెరగని సరుకుగా లెక్కిస్తారు. పీహెచ్ ఒక్కటే చూస్తే 4.4కి దిగాలి. మీది 4.6లో ఉన్నా నీటి చర్య 0.94 దాటితే ఆ వెసులుబాటు రాదు. కాబట్టి నీటి చర్య కొలిపించండి.

ముద్రపని:
లేబుల్ సంగతి. రాయకూడదండీ, ఎగుమతి డబ్బా మీద కూడా. సరిగ్గా ఈ ప్రశ్న మీదే యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2022 జులై 14న తీర్పిచ్చింది, అదీ డెన్మార్క్ మీదే. యూనియన్ బయటి దేశాలకు పంపే సరుకుకు ఆ నిబంధన వర్తించదన్నది డెన్మార్క్ వాదన. కోర్టు ఒప్పుకోలేదు. ఫెటా అనేది 2002లో రక్షిత మూలం గల పేరుగా నమోదైంది, 2005లో కోర్టు ఆ నమోదును నిలబెట్టింది. గ్రీస్ ప్రధాన భూభాగం లేదా లెస్వోస్‌లో, గొర్రెపాలతో, మేకపాలు 30 శాతం మించకుండా చేసి, కనీసం రెండు నెలలు మాగబెట్టినదానికే ఆ పేరు. ఆవుపాలతో చేస్తే ఎంత బాగా కుదిరినా ఆ పేరు రాదు.

కొనేవారి దేశంలో రక్షణ లేదన్నది నిజమే కావచ్చు, అమెరికాలో అది మామూలు పేరుగానే చెల్లుతోంది. కానీ తయారయ్యేది యూనియన్‌లో కాబట్టి మిమ్మల్ని కట్టేసేది ఇక్కడి చట్టం. "తరహా", "రకం", "పద్ధతి" లాంటి మాటలు తగిలించినా ఉల్లంఘనే. బొమ్మలతో కూడా జాగ్రత్త: బొమ్మ కూడా రక్షిత పేరును గుర్తు చేయగలదని 2019లో మాంచెగో చీజ్ కేసులో ఇదే కోర్టు చెప్పింది. నీలం తెలుపు చారలు, రాతి స్తంభాలు వదిలేయండి. "ఉప్పునీళ్లలో తెల్ల చీజ్, ఆవుపాలతో" అన్న అర్థం వచ్చే పేరు పెట్టండి. డెన్మార్క్ అంగళ్లలో సలాటోస్ట్ (సలాడ్ చీజ్) అన్న పేరు ఎలాగూ అలవాటే.

డబ్బా మీద రెండు బరువులు ఉండాలి: మొత్తం నికర బరువు, నీళ్లు వంపేశాక బరువు. రెండోది మరిచిపోయేవాళ్లే ఎక్కువ. పాలు, కల్చర్, ఎంజైము, ఉప్పు మాత్రమే ఉన్న మాగిన చీజ్‌కు పదార్థాల జాబితా అక్కర్లేదు, కానీ మీరు కాల్షియం క్లోరైడ్ వేస్తున్నారు కాబట్టి జాబితా రాసి అందులో చూపండి, పాలను బోల్డ్‌లో. పోషకాల పట్టికలో సోడియం కాదు, ఉప్పు వేయాలి: సోడియాన్ని 2.5తో గుణించాలి. అది కూడా కొత్త ముక్క మీద కాకుండా, పైన చెప్పినట్టు ఉప్పు సర్దుకున్న ముక్క మీద కొలిచిన అంకె అయ్యుండాలి.

కస్టమ్స్ కాగితాల్లో 0406 90 32 కోడ్ వేయకండి, అది ఫెటాది. లేబుల్ మీద ఒకటి, కాగితం మీద ఇంకొకటి ఉంటే సరుకు ఆగుతుంది.

పాలకుండ:
రుచి కోసం కొద్దిగా లైపేజ్ (కొవ్వును విడగొట్టే ఎంజైము) కలుపుతున్నాం. దానికేమైనా ఇబ్బందా?

ముద్రపని:
అది గొర్రెపిల్ల, మేకపిల్ల లేదా దూడ నుంచి తీసినదైతే ఉంది. హలాల్ ధ్రువపత్రం అడిగే దేశాలకు పంపితే రెన్నెట్‌తో పాటు లైపేజ్ మూలం కూడా అడుగుతారు. భారత్‌కైతే జంతువుల రెన్నెట్ వాడలేదన్న ధ్రువీకరణ కావాలి. రెండింటికీ తయారీదారుల నుంచి మూలం రాసిన పత్రం బ్యాచ్ నంబర్‌తో సహా తెప్పించి పెట్టుకోండి. ఆరోగ్య ధ్రువపత్రం డెన్మార్క్ ఆహార శాఖ ఇస్తుంది, దేశానికో నమూనా. మీ కొనేవారి దేశం నమూనాలో ఏ వాక్యాలున్నాయో బ్యాచ్ మొదలుపెట్టే ముందే చదవండి, ఎందుకంటే పాలను ఎంత వేడి మీద ఎన్ని సెకన్లు ఉంచారన్న రికార్డు అడిగే నమూనాలున్నాయి, అది తర్వాత పుట్టించలేరు.